కాకినాడ సముద్రంలో ఒక క్షేత్రానికి ఓడ, ఇంకోదానికి పైపు: ఎలా నిర్ణయిస్తారు?

కోరంగి_కుర్రాడు:
నమస్కారం. కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు అంశం చమురు, గ్యాస్ క్షేత్ర అభివృద్ధి ప్రణాళిక. కృష్ణా-గోదావరి సముద్ర బ్లాకు కేజీ-డీ6లో ధీరూభాయ్-1, 3 క్షేత్రాల గ్యాస్‌ను పైపుల్లో ఒడ్డున ఉన్న గాడిమొగ టెర్మినల్‌కు తెచ్చారు. అదే బ్లాకులోని ఎంఏ క్షేత్రానికి ఎఫ్‌పీఎస్‌వో ఓడ (సముద్రంలోనే చమురును శుద్ధిచేసి, నిలవ ఉంచి, ట్యాంకర్‌కు ఎక్కించేది) పెట్టారు. పక్కనే ఉన్న ఓఎన్‌జీసీ బ్లాకు 98/2లోనూ ఓడే. ఏ లోతుకు ఏ కాన్సెప్ట్ (ఓడ, ప్లాట్‌ఫారం, ఒడ్డుకు పైపు లాంటి పద్ధతి) సరిపోతుందో చెప్పే పట్టిక ఒకటి నా దగ్గర ఉంది. దాని ప్రకారం ఇవన్నీ ఒకేలా ఉండాలి కదా? అన్ని కాన్సెప్టులకూ ఖర్చు లెక్కగట్టి తక్కువైనది ఎంచుకోమన్నారు మా గైడు గారు. అంతేనా?

పాత_పైపులవాడు:
ఆ పట్టిక పక్కన పెట్టండి. ఖర్చు లెక్క చివర్లో చేసే పని. నా ఉద్యోగమంతా సముద్రగర్భ పైపులైన్లతోనే గడిచింది, కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. ఓడా, ప్లాట్‌ఫారమా అని అడిగే ముందు, బావిలోంచి ఏం వస్తోందో, చల్లటి పైపులో అది ఎలా ప్రవర్తిస్తుందో తేల్చుకోవాలి.

ధీరూభాయ్-1, 3లో ఉన్నది దాదాపు శుద్ధమైన మీథేన్. దానితో వచ్చే ద్రవాలు నామమాత్రం. వెయ్యి మీటర్ల అడుగున నీరు ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉంటుంది. అక్కడి పీడనంలో గ్యాసూ నీరూ కలిస్తే హైడ్రేట్ అనే మంచులాంటి పదార్థం గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. అందుకని అలా గడ్డకట్టకుండా ఆపే గ్లైకాల్ ద్రవాన్ని బావుల దాకా పంపి, గ్యాస్‌తో పాటే వెనక్కి తెప్పించి, నీరు తీసేసి మళ్లీ వాడతారు. ఇంత సులువైన గ్యాస్‌కు నడిసముద్రంలో శుద్ధి కర్మాగారం ఎందుకు? లోతు తక్కువగా ఉన్న చోట బావులను నియంత్రించి, అడుగునుంచి పైపులను పైకి తెచ్చే ఒక కంట్రోల్-రైజర్ ప్లాట్‌ఫారం నిలబెట్టి, మిగతా పనంతా ఒడ్డున పెట్టుకున్నారు.

ఎంఏలో ముడి చమురు ఉంది. దాన్ని వేరుచేయాలి, నిలవ ఉంచాలి, ట్యాంకర్‌కు ఎక్కించాలి. 2008లో అక్కడికి ఓడ వచ్చింది అందుకే. 98/2 చమురుతో ఇంకో చిక్కు, మైనం ఎక్కువ. చల్లబడితే పైపు గోడలకు పేరుకుంటుంది. కాబట్టి వేడి పోకుండా పైపులో పైపు వేశారు. 2024 జనవరిలో మొదటి చమురు వచ్చింది. చమురుకు ట్యాంకర్, గ్యాస్‌కు ఒడ్డున ఉన్న ఓడలరేవు టెర్మినల్. ఒకే క్షేత్రానికి రెండు దారులు!

ఇక రిజర్వాయర్, అంటే గ్యాస్ నిండిన భూగర్భ పొర గురించి మీకు తెలియనిది ఎంత? ధీరూభాయ్-1, 3కు 2006 నాటి ప్రణాళిక రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010లో 6 కోట్ల దాకా వెళ్లి జారిపోయింది. 2020 ఫిబ్రవరిలో ధీరూభాయ్-1, 3 మూతపడ్డాయి. భూగర్భం ఊహించినట్టు లేదని క్షేత్రం నడిపిన రిలయన్స్ కంపెనీ, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించాయి, విషయం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఎవరిది ఒప్పో మనం ఇక్కడ తేల్చలేం. మీ గైడు గారిని మాత్రం ఒకటి అడగండి: ఆయన ఖర్చు లెక్క వెనక ఉత్పత్తి అంచనా ఒక గీతా, మూడు గీతలా? తక్కువ, మధ్య, ఎక్కువ అంచనాలు మూడింటిలోనూ తట్టుకోని కాన్సెప్ట్ చౌకదైనా నేను ఎంచుకోను. అద్దె ఓడకు ఉన్న గొప్ప సుగుణం, పని అయిపోతే వెళ్లిపోతుంది.

రిగ్గు_మనిషి:
పైపులాయన పైపుల గురించి చెప్పారు, బాగుంది. మరి బావులో? లోతు నీళ్లలో చాలాసార్లు ఖర్చులో పెద్ద వాటా వాటిదే. బావి తల (వాల్వులుండే పై భాగం) సముద్రం అడుగున ఉంటే, ఇసుక పట్టినప్పుడల్లా మరమ్మతుకు డ్రిల్‌షిప్‌నో (బావులు తవ్వే ఓడ) ప్రత్యేక ఓడనో అద్దెకు తేవాలి. రవ్వలాంటి లోతు తక్కువ క్షేత్రంలో బావి తలలు ప్లాట్‌ఫారం మీదే ఉంటాయి, ఈ బాధ తక్కువ. పెట్టుబడి ఖర్చు ఒక్కటే చూసి పోల్చేవాళ్లు ఈ మరమ్మతు ఖర్చును మరచిపోతారు.

కోనసీమ_లక్ష్మి:
ఒడ్డు గురించి ఎవరూ మాట్లాడటం లేదేమిటండీ? పైపు నేలకెక్కే చోట మత్స్యకారుల వేట ఉంటుంది, కోరింగ మడ అడవులు ఉంటాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఉంటుంది. అక్టోబరు, నవంబరు వస్తే తుపాన్ల భయం. ఇవన్నీ తీసేస్తే సంవత్సరంలో పైపు వేయడానికి ఎన్ని నెలలు మిగులుతాయో అదీ లెక్కలో రాయించండి.

కోరంగి_కుర్రాడు:
అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. పైపులాయన గారూ, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ కోసం కట్టిన గాడిమొగ సదుపాయం అప్పుడు వృథా అయినట్టేనా?

పాత_పైపులవాడు:
లక్ష్మి గారి మాట ముందు రాసుకోండి. పైపులు వేసే ఓడ రోజు అద్దె తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

వృథా కాలేదు. 2020 డిసెంబరులో అదే బ్లాకులో ఆర్-క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం మొదలైంది. నీటి లోతు దాదాపు 2000 మీటర్లు. పాత ప్లాట్‌ఫారానికి 60 కిలోమీటర్ల దూరం నుంచి పైపు వేసి కలిపారు. ప్లాట్‌ఫారం, టెర్మినల్ సిద్ధంగా లేకపోతే ఆ క్షేత్రం లెక్క తేలడం కష్టం. దానికి తోడు 2016లో ప్రభుత్వం లోతు నీళ్ల గ్యాస్‌కు, పరిమితికి లోబడి ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చింది. అంతకుముందూ ఇదే గ్యాస్, ఇదే లోతు, మారింది ధర! చుట్టుపక్కల ఏ సదుపాయం ఖాళీగా ఉంది, గ్యాస్‌కు ఏ ధర వస్తుంది అన్నవి కూడా కాన్సెప్ట్‌లో భాగమే.

మీరు ప్రాజెక్టుకు అదే బ్లాకులోని ఎంజే క్షేత్రం తీసుకోండి. 2023లో మొదలైంది, అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత, గ్యాస్‌తో పాటు కండెన్సేట్, అంటే గ్యాస్ చల్లబడితే విడిపోయే తేలికపాటి చమురు. అక్కడ మళ్లీ ఓడ పెట్టారు. ఓడ లేకుండా పాత పైపులకు కలిపి చూపించడానికి ప్రయత్నించండి. కండెన్సేట్ దగ్గర ఇరుక్కుంటారు. ఎక్కడ ఇరుక్కున్నారో ఇక్కడ రాయండి, చూద్దాం.