కె-డ్రామా: వారం వారం చూడాలా, అన్నీ వచ్చేదాకా ఆగాలా?

విశాఖ_పిల్ల:
శని, ఆదివారాల్లో ఒక్కో ఎపిసోడ్ చొప్పున వచ్చే డ్రామాని కొరియా వాళ్లతో పాటే ఎనిమిది వారాలు చూడాలా, లేక పదహారూ వచ్చాక ఒకేసారి చూడాలా? మా అక్క ఆగమంటోంది. నాకేమో ఆగబుద్ధి కావట్లేదు.

డల్లాస్_వదిన:
వారం వారమే చూడమ్మా. కొరియా మీకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే నీకు సాయంత్రం ఆరు, హాయిగా టీ వేళ. మాకే తిప్పలు. వాళ్ల గడియారం ఏడాదంతా ఒకటే, అమెరికాది ఏటా రెండుసార్లు మారుతుంది. 'క్వీన్ ఆఫ్ టియర్స్' 2024 మార్చి 9న మొదలైతే, మర్నాడే ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిగాయి. రెండో ఎపిసోడ్‌కి నిన్నటి టైముకే అలారం పెట్టుకుని లేచి, చీకట్లో గంటసేపు ఎదురుచూశాను. అయినా ఆ ఎదురుచూపే నాకిష్టం. 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' 2022లో ఒక చిన్న ఛానల్లో 0.9 శాతం రేటింగ్‌తో మొదలై 17.5 శాతంతో ముగిసింది. ఆ నోటా ఈ నోటా పాకడానికి వారాలు పట్టింది. అన్నీ ఒక్క రాత్రిలో పడేస్తే అంత మాట్లాడుకునే వ్యవధి ఎక్కడిది?

నైట్‌డ్యూటీ:
వదినా, శని, ఆదివారాలు సెలవున్నవాళ్ల మాట అది. నేను డ్యూటీ దిగి ఫోన్ తెరిచేసరికి కథంతా బయటికొచ్చేసి ఉంటుంది. పైగా వాళ్ల పండగలు, ఒలింపిక్స్ వచ్చాయంటే ఎపిసోడ్ వాయిదా. 'ద గ్లోరీ' అయితే 2022 డిసెంబరు 30న ఎనిమిది ఎపిసోడ్లు వదిలి, మిగతావి మార్చి 10న ఇచ్చారు. అన్ని రోజులా? 'స్క్విడ్ గేమ్' తొమ్మిదీ ఒకేసారి వచ్చాయి, రెండు రాత్రుల్లో చూసేశాను. నాకు అదే నయం.

డల్లాస్_వదిన:
'గ్లోరీ' విషయంలో నీతో ఏకీభవిస్తాను తమ్ముడూ. అలా సగానికి కోసి ఆపడం అన్యాయం. నువ్వన్నట్టు కుదరనివాళ్లకి 2025లో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్' వచ్చిన పద్ధతి బాగుంటుంది. వారానికి నాలుగు, నాలుగు వారాల్లో పూర్తి. కానీ రెండు రాత్రుల్లో చూసినదాన్ని ఎవరితో పంచుకున్నావు? హైదరాబాద్‌లో మా తోడికోడలు, ఇక్కడ నేను, ఎపిసోడ్ చివర వచ్చే ప్రోమో పట్టుకుని శుక్రవారం దాకా వాదించుకుంటాం. ఆమెతో రోజూ మాట్లాడటానికి నాకున్న సాకు అదొక్కటే.