పై అధికారి వేధింపులకు పరిహారం ఉండాలా? ఉంటే ఎవరి జేబులోంచి?

గోదారిగట్టు:
పనిచేసే చోట మహిళలపై జరిగే లైంగిక వేధింపులకు 2013 నాటి చట్టం ఉంది. బాధితురాలికి పరిహారం ఎలా లెక్కకట్టాలో అందులోని 15వ సెక్షన్ చెబుతుంది. నలుగురిలో అవమానించడం, కావాలని పని ఇవ్వకుండా కూర్చోబెట్టడం, అప్రైజల్‌ను అడ్డం పెట్టుకుని బెదిరించడం వంటి ఇతర వేధింపులకు మాత్రం ప్రత్యేక చట్టమేదీ లేదు. అదే పద్ధతిని వీటికీ ఎందుకు వర్తింపజేయకూడదు? పరిహారం కంపెనీయే చెల్లించాలని నా అభిప్రాయం.

పాతకాపు:
మీరు ఉదహరించిన చట్టాన్ని మీరే పూర్తిగా చదివినట్టు లేరు. మానసిక క్షోభ, చేజారిన ఉద్యోగావకాశాలు, వైద్య ఖర్చులు, వేధించిన వ్యక్తి ఆదాయం, ఆర్థిక స్థితి చూసి మొత్తం నిర్ణయించమంటుంది 15వ సెక్షన్. 13వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తాన్ని ఆ వ్యక్తి జీతంలోంచి కోస్తారు, అలా కుదరక అతడూ చెల్లించకపోతే భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేస్తారు. కంపెనీ ఖజానా ఊసు అక్కడ లేదు. ఇక మిగతా దారులంటారా, పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనైనా, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనైనా మేనేజర్ స్థాయి వారు కార్మికుల నిర్వచనంలోకి రారు. ప్రైవేటు ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేశారని సివిల్ కోర్టుకు వెళ్లినవారికి సాధారణంగా నోటీసు కాలపు జీతానికి మించి దక్కదు.

నెల్లూరువాసి:
నోటీసు జీతం దక్కినా గొప్పే. మా దగ్గర అది ఉద్యోగి నుంచే ముక్కుపిండి వసూలు చేస్తారు.

గోదారిగట్టు:
వేధించినవాడి జీతంలోంచి కోస్తే కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. 2006లో లండన్ హైకోర్టు, తోటి ఉద్యోగుల వేధింపులతో ఆరోగ్యం దెబ్బతిన్న ఒక ఉద్యోగినికి 8 లక్షల పౌండ్లకు పైగా చెల్లించమని ఆదేశించింది సాక్షాత్తూ డాయిష్ బ్యాంకు గ్రూపునే.

నా సంగతి కూడా చెబుతాను. హైదరాబాదులో నేను పనిచేసిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఉదయం మీటింగులో అందరితో మాట్లాడటం అయ్యాక మేనేజర్ నా వైపు తిరిగి, "మీరింకా ఇక్కడే ఉన్నారా?" అని అడిగేవాడు. జట్టంతా తలలు దించుకుని ల్యాప్‌టాప్‌లలోకి చూసేది. హెచ్.ఆర్.కు ఫిర్యాదు చేసిన తరువాత నా పనితీరు మెరుగుపడాలంటూ పి.ఐ.పి.లో (పర్‌ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్) పెట్టారు. చివరికి ఒక కాగితం ముందుంచారు: రెండు నెలల జీతం ఇస్తారు, నేనే రాజీనామా చేసినట్టు రాసివ్వాలి, ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు, ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకూడదు. సంతకం పెడితేనే రిలీవింగ్ లెటర్ ఇస్తామన్నారు.

పాతకాపు:
సంతకం పెట్టారా, లేదా?

మెల్‌బోర్న్ తెలుగు:
ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ పనికొస్తుందేమో. 2014 జనవరి నుంచి ఇక్కడి ఫెయిర్ వర్క్ కమిషన్ వేధింపులు ఆపమని ఉత్తర్వులు ఇవ్వగలదు గానీ, ఆ అధికారం కింద డబ్బు చెల్లించమని ఆదేశించే వీలు లేదు. పరిహారం కావాలంటే, వేధింపుల వల్ల మానసిక వ్యాధి వచ్చిందని చూపించి రాష్ట్ర కార్మిక బీమా కింద విడిగా దరఖాస్తు చేసుకోవాలి. యాజమాన్యం సహేతుకంగా తీసుకున్న చర్య వల్ల కలిగిన బాధకు అది వర్తించదు. మా విక్టోరియాలో 2024 మార్చి 31 నుంచి మామూలు పని ఒత్తిడిని కూడా దాదాపుగా ఆ బీమా పరిధి నుంచి తప్పించారు.

చిన్న యజమాని:
ఆ "సహేతుకం" అన్నదే ప్రాణం. పట్టుమని పదిహేను మంది లేని సంస్థ నాది. ఫైలు ఏమైందని రెండుసార్లు అడిగితే వేధింపు అంటున్నారు. పరిహారం కూడా పెడితే ఫైలు గురించి అడిగే నాథుడుండడు.

పాతకాపు:
మీ భయంలో అర్థముంది. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో కింది ఉద్యోగిని గట్టిగా మందలించారని పెట్టిన కేసును 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విధి నిర్వహణ విషయంలో పై అధికారి మందలింపు నేరమయ్యే అవమానం కాదంది. గోదారిగట్టు గారు నా ప్రశ్నకు ఇంకా జవాబివ్వలేదు.

గోదారిగట్టు:
అది శిక్షాస్మృతి 504 కింద పెట్టిన క్రిమినల్ కేసు. జైలుకు పంపేంత నేరం కాకపోతే పరిహారం ఇచ్చేంత తప్పు కూడా కాదా? ఇక మీ ప్రశ్న: పెట్టాను. ఇంటి లోను వాయిదా ఉంది, కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ లెటర్ అడుగుతుంది.

పాతకాపు:
మెడ మీద కత్తి పెట్టలేదు కదా. డబ్బు తీసుకుని, చదివి సంతకం పెట్టి, ఇప్పుడు అన్యాయమనడం నాకు మింగుడుపడటం లేదు.

గోదారిగట్టు:
ఇలాంటి కాగితాలు రాసిపెట్టే వారి గొంతు మీ మాటల్లో వినబడుతోంది.

పాతకాపు:
అవును, యాజమాన్యాల తరఫున అలాంటివి రాశాను, ఇందులో దాచేదేమీ లేదు. ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి చివరికి నోటీసు జీతం తెచ్చుకునే బదులు, నాలుగు రూపాయలు చేతబట్టుకుని వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరిన వాళ్లు కుటుంబాలను నిలబెట్టుకున్నారు. మీ ఆవేశం వాళ్ల ఇంటి అద్దె కట్టదు.

కమిటీ సభ్యురాలు:
ఒక సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో ఉన్నాను కనుక 2013 చట్టంలోని 10వ సెక్షన్‌ను గుర్తు చేస్తాను. ఫిర్యాదుదారు కోరితే విచారణకు ముందు రాజీ కుదర్చవచ్చు గానీ, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఆ రాజీకి ఆధారం కాకూడదని అందులో స్పష్టంగా ఉంది. పరిహారం వచ్చేది విచారణలో తప్పు రుజువయ్యాకే. బాధితురాలి పేరు, వివరాలు బయటపెట్టకూడదంటూనే, న్యాయం జరిగిందన్న సమాచారాన్ని ఆ వివరాలు లేకుండా తెలియజేయవచ్చంటుంది 16వ సెక్షన్. చిన్న యజమాని గారికి ఒక మాట: ఆరోపణ రుజువు కానంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య ఉండదు గానీ, దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుపై చర్యకు 14వ సెక్షన్ ఉంది.

గోదారిగట్టు:
నేను ఇంతసేపూ చెప్పలేకపోయింది ఇదే. రెండు నెలలా, ఇరవై నెలలా అన్నది నా గొడవ కాదు. ఆ కాగితంలో మేనేజర్ ఏం చేశాడన్నది ఒక్క వాక్యం కూడా లేదు. నేను బయటికొచ్చాక అతడికి ప్రమోషన్ వచ్చింది, అదే జట్టులోంచి మరికొందరు అదే కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఎవరి కథ ఎవరికీ తెలియకుండా చూసినందుకు ఇచ్చిన సొమ్మును పరిహారమనడం దేనికి? ముందు విచారణ జరగాలి, తప్పును కాగితం మీద పెట్టాలి, ఆ తరువాతే డబ్బు.

పాతకాపు:
తప్పు రాసే వరకు పైసా ఇవ్వకూడదంటే యాజమాన్యం ఎప్పటికీ రాయదు, ఉద్యోగికి ఎప్పటికీ రాదు. మౌనానికే కొంత ధర పలుకుతోంది, దాన్నీ మీరు తీసేయమంటున్నారు. పైగా విచారణ సాగినన్నాళ్లు ఆ మనిషి ఏం తిని బతుకుతాడు?

కమిటీ సభ్యురాలు:
విచారణ 90 రోజుల్లో ముగియాలన్నది చట్టం. ఆ లోపు ఫిర్యాదుదారు కోరితే బదిలీ గానీ, మూడు నెలల వరకు అదనపు సెలవు గానీ ఇప్పించడానికి 12వ సెక్షన్ ఉంది.

పాతకాపు:
కమిటీలో ఒక్క బయటి సభ్యుణ్ణి తప్పిస్తే మిగతా వారంతా ఆ యజమాని జీతం తీసుకునేవారే. ఆ బయటి సభ్యుడికి ఫీజు ఇచ్చేదీ అతడే.

గోదారిగట్టు:
అయినా వారి నివేదిక మీద ఒక తేదీ, నలుగురి సంతకాలు ఉంటాయి. మీరు రాసిన కాగితం మీద నా సంతకం ఒక్కటే ఉండేది.