బ్లాక్ ఆల్బమ్ ఎల్పీ: 1987దా, దొంగ కాపీయా?

బరంపురం_33ఆర్పీఎం
విశాఖలో ఒకాయన దగ్గర అమెరికా గాయకుడు ప్రిన్స్ చేసిన బ్లాక్ ఆల్బమ్ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఉందట. అట్ట మొత్తం నలుపే, పేరు లేదు, బొమ్మ లేదు. 1987 నాటి ఒరిజినల్ అని 18,000 రూపాయలు చెబుతున్నారు. వెళ్తే పెట్టి వినిపిస్తారట. ఆదివారం రైలెక్కే ముందు ఏం చూసుకోవాలి?

రాయగడ_రికార్డులు
ఆ ధరకి 1987ది రాదు మాస్టారూ. 1987 డిసెంబరు 8న విడుదల కావాల్సింది, వారం ముందు ప్రిన్సే ఆపించేశాడు. దాదాపు 5 లక్షల కాపీలు ధ్వంసం చేయమన్నారు, మిగిలినవి వేళ్ల మీద లెక్క. 2018లో ఒక కెనడా కాపీ 27,500 డాలర్లు పలికింది.

నల్లట్ట సాక్ష్యం కాదు. దొంగకి అంతకంటే సులువైన అట్ట ఏదుంది? కంపెనీ వేసే కేటలాగ్ నంబరు అడగండి. 1987ది 25677. రికార్డు కంపెనీ వార్నర్ వాళ్లు 1994 నవంబరు 22న బయటికి తెచ్చినది 45793. దాన్నీ 1995 జనవరి 27 వరకే అమ్మారు, కాబట్టి దానికీ గిరాకీ ఉంది. అయితే నంబరు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. చివరి పాటకీ లేబులుకీ మధ్య నున్నటి వలయంలో చెక్కిన అక్షరాలుంటాయి. టార్చి ఏటవాలుగా పట్టి రెండు వైపులా ఫొటో తీయమనండి. రికార్డుల వివరాలుండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో అక్షరం అక్షరం సరిచూడండి.

పర్లాకిమిడి_స్టీరియో
చెవితో కూడా పట్టొచ్చు. మొదటి వైపు చివరి పాట ‘వెన్ టూ ఆర్ ఇన్ లవ్’ 1988లో ప్రిన్స్ ఇంకో ఆల్బమ్ లవ్‌సెక్సీలోకి వెళ్లింది. దాన్ని ఫోన్‌లో పెట్టుకెళ్లి, రెండూ ఒక్కసారే మొదలెట్టండి. 4 నిమిషాల పాటలో వేగం ఒక శాతం తప్పినా చివరికి రెండు సెకన్ల పైనే తేడా వస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించిన దొంగ కాపీల్లో ఇదే జరుగుతుంది, పైగా తాళాల మోత మొద్దుబారి, వెనకాల హిస్ (‘స్స్’ అనే టేపు మోత) వినబడుతుంది. ముందు ఇంకో రికార్డుతో ఆయన ప్లేయర్ వేగం చూసుకోండి, బెల్టు సాగితే మంచి రికార్డూ తప్పుతుంది. లవ్‌సెక్సీ పాత సీడీ మాత్రం పట్టుకెళ్లకండి, 9 పాటలూ ఒకే ట్రాకు, వెతకలేక చస్తారు.

బరంపురం_33ఆర్పీఎం
ఫొటోలొచ్చాయి. నంబరు 25677. వలయంలో అక్షరాలు చేత్తో గీకినట్టున్నాయి.

రాయగడ_రికార్డులు
చేత్తో గీకినంత మాత్రాన దొంగది కాదు, అసలువాటిలోనూ అలా ఉంటాయి. ఏ అక్షరాలన్నదే లెక్క. డిస్కాగ్స్‌లో కలవకపోతే దొంగ కాపీ ధరే ఇవ్వండి, లేదా రైలు టికెట్ మిగుల్చుకోండి.