ఎంఎం540 జీపు రెండున్నర అంగుళాలు లేపాలి: షాకిళ్లు పొడుగు చేయించాలా, కమాన్లు మార్చాలా?

పెదపరిమి జీపు:
అందరికీ నమస్కారం. మాది తుళ్లూరు దగ్గర పెదపరిమి. నాన్న సెకండ్ హ్యాండులో కొన్న 1994 మోడల్ మహీంద్రా ఎంఎం540 ఉంది, ఫోర్ వీల్ బండి. మిరప చేను డొంక చివర, రోడ్డు దిగాక కిలోమీటరున్నర. వానల్లో కొండవీటి వాగు పొంగితే ఆ రేగడిలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాడులు పడతాయి, నడుమ మట్టి కట్టలా లేస్తుంది. సంక్రాంతికల్లా అదంతా ఎండి రాయైపోతుంది. పోయిన వారం కోతకు కూలీలను దించి వస్తుంటే ముందు ఇరుసు నడుమ ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ ఆ కట్ట మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించాం.

బండి రెండున్నర అంగుళాలు లేపుదామని విజయవాడ ఆటోనగర్‌లో మూడు చోట్ల అడిగాను. ఒకాయన షాకిళ్లు, అంటే కమాన్ (ప్లేట్ల స్ప్రింగు) కొసను ఛాసీకి కలిపే ఇనుప పట్టీలు, పొడుగు చేస్తే చాలన్నాడు. ఇంకొకాయన హౌసింగ్ (ఇరుసు గొట్టం) కింద ఉన్న కమాన్లను పైకి మారుద్దామన్నాడు. మూడో ఆయన నాలుగు పక్కలా కమాన్‌కు, హౌసింగ్‌కు నడుమ ఇనుప దిమ్మలు పెట్టేస్తానన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, మూడేళ్ల కిందట ఒక షాపులో కమాన్లు కాల్చి వంపు ఎక్కించారు. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ కుంగింది. ఈ బండితోనే నాన్న మమ్మల్ని చదివించాడు. దీన్ని పాడు చేసుకోలేను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ కమాన్లు:
తమ్ముడూ, కమాన్ కట్టల పనిలోనే నా జీవితం గడిచింది. ఏ పనీ మొదలుపెట్టకముందు ఒకసారి బండి కిందికి దూరి పడుకో. ఎక్కడ రాసుకుందో ఇనుమే చెబుతుంది. మట్టి పట్టి, తుప్పు రంగులో ఉన్న చోట ఏమీ తగల్లేదని అర్థం. గిన్నె తోమినట్టు మెరిసే చోటే తగిలింది. నువ్వు చెప్పినదాన్ని బట్టి డిఫరెన్షియల్ అడుగే మెరుస్తూ ఉండాలి. అదే నిజమైతే ఆ ముగ్గురు చెప్పినదాంట్లో ఏది చేయించినా నీ కష్టం తీరదు.

ఎందుకంటే డిఫరెన్షియల్ ఉన్నది హౌసింగ్‌లో, హౌసింగ్ ఉన్నది చక్రాల మీద. కమాన్లు లేపితే ఛాసీ, బాడీ, గేర్‌బాక్స్, సైలెన్సర్ లేస్తాయి. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే. టైరు 5 సెంటీమీటర్లు పెద్దదైతే హౌసింగ్ రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. వెడల్పు రేడియల్ టైరు చూడ్డానికి భారీగా ఉంటుంది. లెక్క కట్టి చూడు. 215/75 ఆర్15 అంటే రిమ్ము 381 మిల్లీమీటర్లు, పైనా కిందా గోడలు (215లో 75 శాతం) 161 చొప్పున, మొత్తం 703. నీ బండి 6.00-16 టైరు సన్నగా ఉన్నా దాదాపు 730 ఉంటుంది. లావు టైరు వేయించి ఎత్తు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. 235/75 ఆర్15 వేసినా 733, అంటే ఉన్నచోటే ఉన్నట్టు.

షాకిల్ సంగతి. షాకిల్ ఎంత పొడుగు పెంచితే బండి అందులో సగమే లేస్తుంది, నీ రెండున్నర అంగుళాలకు అయిదు అంగుళాలు పెంచాలి. అంత పొడుగు షాకిల్ పక్కలకు ఊగుతుంది. పైగా ఈ జీపులకు ముందు షాకిల్ కమాన్ ముందు కొసన ఉంటుంది. అది పొడుగైతే కమాన్ ముక్కు కిందికి వంగి, హౌసింగ్ ముందుకు తిరిగి, కాస్టర్ (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

దిమ్మలు మాత్రం ఎవరు చెప్పినా పెట్టించకు. నీ కమాన్లు హౌసింగ్ కింద ఉన్నాయి కాబట్టి నడుమ దిమ్మ పెడితే బండి లేవదు, ఇంకా దిగుతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు ముందు హౌసింగ్ మీద పడే బలానికి దిమ్మ మెలితిరిగి జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు. కమాన్లు పైకి మార్చడం ఇంకా పెద్ద పని. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ కడ్డీ), బ్రేకు గొట్టాలు, షాకబ్జార్లు అన్నీ మార్చాలి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు ఈ బండికి పొట్టిది, కోణం పెరిగితే దాని కొసల్లోని కీళ్లను, అంటే క్రాసులను, తినేస్తుంది.

మొదట కమాన్లు ఎంత కుంగాయో చూడు. ఖాళీ బండిని చదును నేల మీద పెట్టి, చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు పక్కలా కొలువు. తర్వాత కమాన్ రెండు కళ్లకు దారం పట్టి, మెయిన్ ప్లేటు దాకా వంపు ఎంతుందో చూడు. కొలతలు ఇక్కడ పెట్టు.

మంగళగిరి జిప్సీ:
అన్నగారు చెప్పిన కాస్టర్ నేను అనుభవించాను. నా 1998 జిప్సీకి ముందు షాకిళ్లు రెండు అంగుళాలు పొడుగువి వేయించాను. హైవే మీద 70 దాటగానే స్టీరింగ్ రెండు చేతుల్లోనూ కొట్టుకునేది, కాలు తీస్తే గానీ ఆగేది కాదు. కమాన్‌కు, హౌసింగ్‌కు మధ్య ఇనుప చీలికలు వేసి కోణం సరిచేశాక కొట్టుకోవడం పోయింది గానీ, చివరికి పాత షాకిళ్లే బిగించాను. ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండి అది.

కృష్ణలంక కుర్రోడు:
రిజిస్ట్రేషన్ కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మీ బండి 15 ఏళ్లు దాటింది కాబట్టి అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు చూపించాలి. కుంగిన కమాన్ల చోట అదే కొలతవి కొత్తవి వేసుకుంటే ఏ గొడవా లేదు. ఎత్తు పెంచే పనైనా, టైరు సైజు మార్చే పనైనా ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి చేయండి.

పెదపరిమి జీపు:
ఆదివారం పొద్దున వడ్ల కళ్లం మీద నిలిపి కొలిచాను, నాన్న టేపు పట్టుకున్నాడు. ముందు డ్రైవరు పక్క 37 సెంటీమీటర్లు, రెండో పక్క 40. వెనక 41, 42. దారం పట్టి చూస్తే డ్రైవరు పక్క ముందు కమాన్‌లో వంపన్నదే లేదు, పట్టాలా పడుకుని ఉంది. మీరన్నట్టే డిఫరెన్షియల్ అడుగు అద్దంలా మెరుస్తోంది. ముందు యూ బోల్టుల కొసలు కూడా అరిగి మెరుస్తున్నాయి, మరల సందుల్లో నల్ల మట్టి గట్టిపడి ఉంది. గేర్‌బాక్స్ అడుగున మాత్రం పాత గ్రీజు అలాగే ఉంది, గీత కూడా పడలేదు.

డొంకలో కట్ట ఎత్తు కూడా కొలిచాను, గాడి అడుగు నుంచి 22. డిఫరెన్షియల్ కింద ఖాళీ 20. అన్నా, అంటే నాకు కావాల్సింది రెండు సెంటీమీటర్లే కదా?

ఆటోనగర్ కమాన్లు:
అంతే తమ్ముడూ. అది టైరు పని. 7.00-16 దాదాపు 78 సెంటీమీటర్లు ఉంటుంది, నీకు రెండున్నర వస్తుంది. షాపులో టేపు పెట్టి కొలిచే తీసుకో. నీ రిమ్ము వెడల్పు దానికి సరిపోతుందో లేదో, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు కమాన్‌కు తగులుతుందో లేదో చూసుకో. స్పీడోమీటరు 50 చూపిస్తుంటే నిజంగా 53 పైనే వెళ్తుంటావు.

ముందు రెండు కమాన్లూ కొత్తవి వేయించు, ఒక్క పక్కే వద్దు. పాతవాటిని మళ్లీ కాల్చనివ్వకు. కొలిమిలో ఎర్రగా కాల్చి కొట్టి వదిలేస్తే ప్లేటు పదును పోతుంది, నీకు నాలుగు నెలల్లో కుంగింది అందుకే. యూ బోల్టులు, బుష్‌లు కూడా కొత్తవే వేయించు. జాకీ దించి బండి బరువు నేల మీద పడ్డాకే షాకిల్ నట్లు బిగించమను, గాల్లో బిగిస్తే బుష్ మెలికపడి చిరుగుతుంది. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు ఇంకోసారి బిగించుకో.

పెదపరిమి జీపు:
కమాన్లకు ఆర్డరిచ్చాను. టైర్ల సంగతి ఆర్టీవో ఆఫీసులో అడిగి, కొలిచి తీసుకుంటాను. ఈలోగా నాన్న ఒక పక్క చక్రాలు కట్ట మీద, రెండో పక్కవి గాడి బయట ఉండేలా పట్టి నడుపుతున్నాడు, ఎక్కడా తగలట్లేదు. ఇన్నేళ్లూ వానాకాలంలో ఆయన నడిపింది అలాగేనట, నేనెప్పుడూ అడగలేదు.