సందె తాయెతులా, సంది తాయెతులా? (హాలోవీన్ కృష్ణుడి కోసం, కాస్త తొందరగా చెప్పండి)

చంటివాడి అమ్మ, షికాగో దగ్గర:
మావాడికి ఇరవై నెలలు. అక్టోబరు 31 సాయంత్రం మా వీధి పిల్లలంతా వేషాలు కట్టి ఇంటింటికీ తిరుగుతారు. షాపులో గుమ్మడికాయ వేషం ధర చూసి, ఒక్క పూటకి ఇంత దండగా అనిపించింది. కృష్ణుణ్ణి చేద్దామనుకున్నా. ఏమేం కావాలో మన పద్యమే చెబుతోంది కదా. 'చేత వెన్నముద్ద': తెల్ల మేజోడులో పాత టీషర్టు ముక్కలు కుక్కి మూతి కుట్టేశాను (దూదైతే పీకి నోట్లో పెట్టుకుంటాడు). 'చెంగల్వ పూదండ': ఎర్ర ఫెల్టు గుడ్డ. 'బంగారు మొలత్రాడు': ఎలాస్టిక్ మీద జరీ లేసు. 'పట్టుదట్టి': మా అమ్మ పాత ధర్మవరం చీర అంచు. ఇప్పటికి నాలుగు డాలర్లు అయింది. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. 'సందె తాయెతులును' అంటే సాయంత్రం కట్టేవా? ఎక్కడ కట్టాలి? మెడలో అయితే తాడు బిగుసుకుంటుందేమోనని భయం.

ఆటవెలది అభిమాని:
ముందు రెండో పాదం సరిచేసుకోండి. 'బంగారు' కాదు, 'బంగరు'. ఈ పద్యం ఆటవెలది ఛందస్సులో ఉంది. దాని రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే ఒక గురువు (బరువుగా పలికే అక్షరం), ఒక లఘువు (తేలిగ్గా పలికేది), లేదా మూడు లఘువులు. బంగ, రుమొల, త్రాడు, పట్టు, దట్టి. 'బంగారు' అన్నారంటే మొదటి అడుగులోనే పద్యం కుంటుతుంది. నూటికి తొంభై మంది పిల్లలకి తప్పే నేర్పుతున్నారు.

పాలమూరు పిల్ల:
మరి 'త్రా' ముందున్న 'ల' గురువు కాదా సార్? అప్పుడు మీ 'రుమొల' కూడా కుంటుతది కదా.

ఆటవెలది అభిమాని:
తెలుగు మాటల్లో రేఫ వత్తుని (ర వత్తుని) తేల్చి పలికితే ముందున్నది లఘువుగానే నిలుస్తుంది. ఇది తెలిసిన విషయమే.

పాలమూరు పిల్ల:
'మొలతాడు' అంటే తేల్చే పనే ఉండదు. మా ఇండ్లల్ల అనేది కూడా అదే.

తెనాలి తాతయ్య:
అమ్మాయి అడిగింది తాయెతు సంగతి. అది 'సంది తాయెతు' తల్లీ. సంది అంటే భుజం కింది భాగం, దండచెయ్యి. 'సందిట బిగించి' అంటాం, అందులో ఉన్నదీ ఈ సందే. సందిదండ అనే నగ పేరు విన్నావా? నోట నానీ నానీ సంది కాస్తా సందె అయింది. చేతికే కట్టు, మెడ జోలికి పోకు.

ఉత్తరాంధ్ర కోడలు:
తాతయ్యగారితో ఏకీభవించలేను. మా అత్తగారు దీపాలు పెట్టే వేళకే పిల్లలకి దిష్టి తీసేవారు. సందెవేళ పసివాళ్లకి గాలి సోకుతుందని తాయెత్తు కట్టేవారు. 'సందె' అని అంతమంది నోట్లో ఉన్నదాన్ని పొరపాటు అని తోసెయ్యడం ఏం న్యాయం?

తెనాలి తాతయ్య:
అంతమంది నోట్లో 'బంగారు' కూడా ఉంది కదమ్మా.

ఆటవెలది అభిమాని:
ఛందస్సు ఇక్కడ సాయం చెయ్యదు. సందె, సంది రెండూ గలమే (గురువు, లఘువు). యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు) మొదటి అక్షరానికి, గొడవ రెండో అక్షరంలో. కానీ పక్క మాట మాత్రం తేల్చేస్తుంది. 'సిరిమువ్వ గజ్జెలు' అని చదివేవాళ్లున్నారు. సం-కి సి-తో యతి కుదరదు, అచ్చు తేడా. 'సరిమువ్వ' అనే ఉండాలి.

పాలమూరు పిల్ల:
సరి అంటే ఏంది? రెండు కాళ్లకి సమానమనా, సరిసంఖ్య అనా, ముత్యాల సరుల లెక్క వరుస అనా?

(దీనికి వచ్చిన పదకొండు జవాబులు చదివాను. ఏ రెండూ కలవలేదు. - చంటివాడి అమ్మ)

భాగవతం పిచ్చి:
మీరంతా ఒక సంగతి మరిచారు. ఈ పద్యంలో నెమలిపింఛం లేదు, పిల్లనగ్రోవీ లేదు! వేషం కట్టాలంటే పోతనగారి దగ్గరికే వెళ్లాలి. 'కటిచేలంబు బిగించి పింఛమునఁ జక్కం గొప్పు బంధించి'. ఎంత చక్కగా ముస్తాబు చేశారండీ!

తెనాలి తాతయ్య:
అది కాళియుడి మడుగులోకి దూకబోయే పిల్లాడి ముస్తాబయ్యా. ఇక్కడున్నది ఇరవై నెలల వాడు. కొప్పుకి జుట్టేదీ?

భాగవతం పిచ్చి:
సరే, మన్ను తిన్న పద్యం తీసుకోండి. 'అమ్మా! మన్ను దినంగ నే శిశువునో యాఁకొంటినో వెఱ్ఱినో'. చివర్లో ఏమంటాడు? నమ్మకపోతే నా నోరు వాసన చూడమంటాడు, 'మదీయాస్యగంధ మ్మాఘ్రాణము జేసి'. ఆ రాత్రి బుట్టలో చాక్లెట్లు తగ్గితే అమ్మగారికి పనికొచ్చే పద్యం ఇదే.

ఉత్తరాంధ్ర కోడలు:
ఇంటింటికీ వెళ్లి తీపి పుచ్చుకోవడం మనవాడు ఎప్పుడో మొదలుపెట్టాడు. కాకపోతే అడిగేవాడు కాదు.

ఆటవెలది అభిమాని:
పువ్వు దగ్గర కూడా జాగ్రత్త. చెంగల్వ అంటే ఎర్రకలువ. చెందామర, చెంగావిలో ఉన్న 'చెం' ఇదే. అష్టమికి అందరూ పసుపు బంతిపూలు వేసేస్తారు, చూడలేక చస్తున్నాను.

చంటివాడి అమ్మ:
ఎర్రదే వేశాను సార్. కలువ రేకులు మొనదేలి ఉండాలని నలభై ఎనిమిది ఒక్కొక్కటీ కత్తిరించాను. రాత్రి ఒంటిగంట అయింది.

(నవంబరు 1)

చంటివాడి అమ్మ:
అందరికీ థాంక్స్. అంతా కలిపి ఆరు డాలర్లు. గజ్జెలు కుట్టలేదు, చిన్నవి ఊడితే మింగుతాడని భయం వేసింది. చీలమండకి జరీ చుట్టి ఊరుకున్నా. తాయెత్తు ఎలాస్టిక్ పట్టీకి కుట్టి ఎడమ దండచేతికి తొడిగాను. తీరా బయట చలి. థర్మల్స్ వేసి, పైన నీలం జాకెట్ వేసేసరికి దట్టీ లేదు, తాయెత్తూ లేదు. మూడో ఇంటావిడ వాణ్ణి చూసి, చేతిలోది స్నో బాలా అనడిగింది. వాడు వెన్నముద్ద ఆవిడ చేతిలో పెట్టేసి గిన్నెలోంచి రెండు చాక్లెట్లు తీసుకున్నాడు. పొద్దున్న ఆస్యగంధం చూశాను, మూడోదీ ఎక్కడో దొరికినట్టుంది. బయల్దేరే ముందు ఇంట్లో తీసిన ఫొటో పెడుతున్నాను.

తెనాలి తాతయ్య:
బంగారు తండ్రి! దిష్టి తియ్యమ్మా. (ఇక్కడ 'బంగారు' సరైనదే.)

ఉత్తరాంధ్ర కోడలు:
కట్టింది సందెవేళే కదా. అది చెప్పండి చాలు.

ఆటవెలది అభిమాని:
'తాయెతులును' బహువచనం. ఫొటోలో ఒకటే కనిపిస్తోంది. కుడిచేతిది ఏదండీ?