చర్చి పెళ్లికి తెల్ల గౌనా, తెల్ల పట్టుచీరా?

ప్రశ్న: జనవరిలో గుంటూరులో మా చెల్లెలి పెళ్లి, చర్చిలో. తనకు నేలను తాకే గౌను మీద మనసు. అమ్మకేమో తెల్ల పట్టుచీర, తలపై ముసుగు ఉండాలని. నాన్న పోయాక మా ఇంట్లో మొదటి శుభకార్యం ఇది, ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేను. గౌనుకు ఎన్నాళ్ల ముందు కొలతలివ్వాలి?

జవాబు: మూడు నెలల ముందే ఇవ్వండి. నా గౌను పెళ్లికి రెండు రోజుల ముందు చేతికొచ్చింది, నడుము దగ్గర రెండంగుళాలు వదులు! రాత్రంతా మా పిన్ని కూర్చుని సరిచేసింది. ముందు కోరాబట్టతో నమూనా కుట్టి చూపమనండి. పెళ్లిరోజు వేసుకునే చెప్పులతోనే పొడవు కొలిపించండి, లేకపోతే అంచు కాళ్లకు చుట్టుకుంటుంది.

జవాబు: అమ్మగారికి ఉప్పాడ జాందానీ చూపించండి. బూటాలను మగ్గం మీదే అదనపు పోగులతో చేత్తో నేస్తారు. తెల్లపై వెండి జరీ అయితే ముసుగుతో చక్కగా కలుస్తుంది. బరువూ ఉండదు.

అడిగినవారు: చర్చిలో చీర, సాయంత్రం విందుకు గౌను అని చెల్లి ఒప్పుకుంది అక్కా! అమ్మ తన పెళ్లి ముసుగు బయటకు తీసింది. లేసు పసుపెక్కింది. ఏం చేయాలి?

జవాబు: బ్లీచింగ్ మాత్రం వద్దమ్మా, పోగు తినేస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలుపై పరిచి నీడన ఆరబెట్టండి.