ట్రౌట్ వేటకు క్రేన్ ఫ్లై ఎర: ఏటిలో ఎక్కడ వెయ్యాలి?

కాలువగట్టు (కొత్తపేట):
అందరికీ నమస్కారం. చిన్ననాటి నుంచి మా పంటకాలువలో వెదురు కర్రకు గాలం కట్టి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా కదలకుండా కూర్చోవడమే నాకు తెలిసిన వేట. ఏప్రిల్‌లో హిమాచల్‌లోని తీర్థన్ ఏటికి ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నాను. ఎరగా వాడటానికి ఈకలతో, దారంతో కట్టిన క్రేన్ ఫ్లై అనే పురుగు నమూనాలు కొన్ని కొన్నాను. వానాకాలంలో మన ఇళ్ళలో దీపం చుట్టూ తిరిగే పొడవు కాళ్ళ పెద్ద దోమ ఇదేనా? దీన్ని ఎక్కడ వెయ్యాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

ఏటివార (రాజమహేంద్రవరం):
ఆ కుటుంబానిదేనండి, కానీ అది దోమ కాదు, కుట్టదు. చాలా జాతుల్లో దాని పిల్లపురుగు తడి మట్టిలోనో, కుళ్ళిన ఆకుల్లోనో, ఏటి అంచు నాచులోనో పెరుగుతుంది. కాబట్టి రెక్కల పురుగు ఎక్కువగా గట్టు మీది గడ్డిలోంచి గాలికి కొట్టుకొచ్చి నీటిలో పడుతుంది. ఎగరడం దానికి అంతంతమాత్రమే. పడ్డాక పొడవు కాళ్ళు చాచి తేలుతూ కొట్టుకుంటుంది, ట్రౌట్ పైకొచ్చి అందుకుంటుంది. బ్రిటన్‌లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలి వీచే రోజున ఈ నమూనాకు మంచి పేరు. గాలి ఏ గట్టు నుంచి వీస్తుందో చూసుకుని, ఆ గట్టు వారనే వెయ్యండి.

కొత్తనీరు (రావులపాలెం):
పై మాట నిజమే గానీ, ఏప్రిల్‌కు నేనైతే పిల్లపురుగు నమూనానే ముందు వేస్తాను. ధవళేశ్వరం నుంచి జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పుడు గట్టుమట్టి కరిగి వానపాములు కొట్టుకురావడం, చేపలు ఒడ్డు వారకు చేరడం మీరు చూసే ఉంటారు. కొండల్లో మంచు కరిగి ఏరు పెరిగినప్పుడు అంచుల్లోని ఈ పిల్లపురుగులకూ అదే గతి పడుతుంది. కాళ్ళు లేని, బూడిద గోధుమ రంగు, బొద్దు శరీరం. ఈత రాదు కనుక అడుగునే దొర్లుతూ పోతుంది. ట్రౌట్‌కు అది ఒక్క నోటికి దక్కే పెద్ద ముద్ద. ఎరకు కాస్త బరువు చుట్టి, రాళ్ళకు తగులుతూ ప్రవాహం వేగంతోనే సాగనివ్వండి, లాగకండి. మత్స్యశాఖ అనుమతి పత్రం మాత్రం తప్పనిసరి.

కాలువగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. బరువు చుట్టిన పిల్లపురుగులు నాలుగు కట్టుకుంటాను. రెక్కల నమూనా కాళ్ళు మరీ బిర్రుగా ఉన్నాయి, వాటినేం చెయ్యాలి?

ఏటివార:
ఫెజెంట్ అనే నెమలిజాతి పక్షి తోక ఈక పోగులకు మధ్యలో ముడి వేసి కడితే మోకాలిలా వంగుతాయండి. ఆరు కాళ్ళూ వెనక్కి వేలాడేలా కట్టండి.